పుల్పిట్ వెనక గోడకి చేత్తో కుట్టిన తెర, కుట్టు రానోళ్ళతో కూడా ఎట్టా కుట్టించాలి

వందనాలమ్మా. నువ్వు అడిగింది ఇదీ కదా: కొండపి వైపు మీ పల్లెలో సంఘానికి వచ్చే డిసెంబరుకి వందేళ్ళు నిండుతున్నాయి, స్త్రీల సమాజంలో ఇరవైమంది దాకా ఉన్నారు, పుల్పిట్, అదే పాస్టరుగారు నిలబడి ప్రసంగం చేసే చోటు, దాని వెనక గోడకి అందరూ కలిసి కుట్టిన పెద్ద తెర ఒకటి పెట్టాలని ఉంది, కానీ సగం మందికి కుట్టు రాదు, సంఘపెద్దలేమో ఆ డబ్బేదో మగ్గం వర్క్ వాళ్ళ మొహాన కొడితే పదిరోజుల్లో ఇస్తారు కదా అంటున్నారు. నేను హైస్కూల్లో క్రాఫ్ట్ టీచరుగా చేసి రిటైరయ్యాను, కావలి వైపు ఒంగోలు వైపు కొన్ని సంఘాల్లో ఇట్టాంటివి దగ్గరుండి కుట్టించాను, కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, తీరిగ్గా చదువుకో.

ముందు మగ్గం సంగతి. ఆ పని తక్కువదని నేననను, ఆరి సూదితో, అదే కొస కొక్కెంలా ఉండే సూదితో, వాళ్ళు ఒక పూటలో లాగే గొలుసు మనం వారమంతా కూచున్నా రాదు. కానీ మీ పెద్దలు తెర గురించి మాట్లాడుతున్నారు, నువ్వు కుట్టడం గురించి మాట్లాడుతున్నావు, రెండూ వేరు. తెర మాత్రమే కావాలంటే ఫ్లెక్స్ కొట్టిస్తే సాయంత్రానికి వచ్చేస్తది, ఇంకా చవక కూడా. అది వద్దనుకున్నాక మగ్గం కూడా ఎందుకు వద్దో వాళ్ళకే అర్థమవుతది, ఇదే మాట మీటింగులో అను.

ఇక సగం మందికి కుట్టు రాదన్నావు చూడు, అది నేను నమ్మను. వాళ్ళని "ఎంబ్రాయిడరీ వచ్చా" అని అడిగుంటావు, రాదనే చెప్తారు. "చీరకి ఫాల్ ఎవరు కుట్టుకుంటారు" అని అడుగు, పదిచేతులు లేస్తాయి. ఫాల్ కుట్టేవాళ్ళకి హెమ్మింగ్ వచ్చినట్టే, హెమ్మింగ్ వస్తే అతుకు పని వచ్చినట్టే, అదే అప్లిక్ అంటాం కదా, గుడ్డ మీద గుడ్డముక్క పెట్టి అంచు మడిచి కుట్టేది. "పాత చీరలతో బొంత కుట్టినోళ్ళెవరు" అని అడుగు, ముసలాళ్ళందరూ ముందుకొస్తారు, వాళ్ళకి వరసగా టాకా వేసే అలవాటు చిన్నప్పట్నుంచీ చేతిలో ఉంది, ఎంబ్రాయిడరీ నేర్చుకున్న పిల్లలకి ఆ నిదానం ఉండదు. జాకెట్టుకి కాజాలు తీసేవాళ్ళకి కాజా కుట్టు వచ్చినట్టే. అంటే డిజైను ముందు గీసేసి తర్వాత దానికి చేతులు వెతుక్కోవడం కాదు, ఉన్న చేతులు ఏం చేయగలవో చూసి దానికి తగ్గ డిజైను గీయాలి. నా సలహా మొత్తం దీని మీదే ఉంటది.

రెండోది, ఒకటే పెద్ద గుడ్డ ఫ్రేముకి బిగించి చుట్టూ కూచుని కుడదామనే ఆలోచన ఉంటే మానుకో. ఫొటోకి బావుంటది, కానీ ఫ్రేము చుట్టూ ఆరేడుగురికి మించి పట్టరు, ఆ ఆరుగురిలో బాగా కుట్టే ఇద్దరు నడిమధ్య కూచుంటారు, మిగతావాళ్ళు టీలు అందిస్తా ఉంటారు, రెండో నెల వచ్చేసరికి ఆ ఇద్దరే మిగుల్తారు. ముక్కలుగా చెయ్యి, బ్లాకులంటారు, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి, ఇంటికి తీసుకెళ్ళి మధ్యాహ్నం పూటో కరెంటు బాగున్న రాత్రో కుట్టుకుంటారు, ఆదివారం ఆరాధన అయ్యాక తెచ్చి చూపిస్తారు. ఒకటి పాడైతే ఆ ఒక్కటే మళ్ళీ చేసుకోవచ్చు. వేరే దేశాల్లో కూడా పెద్ద పనులు ఇట్టానే సాగాయి, ఇంగ్లండులో వించెస్టర్ కెతీడ్రల్లో 1930ల్లో లూయిజా పెసెల్ అనే ఆవిడ వందలకొద్దీ మోకాళ్ళ దిండ్లు, కూర్చునే దిండ్లు వాలంటీర్ల చేత కుట్టించింది, డిజైను అంతా ఒకచోట అనుకుని పని ముక్కలుగా పంచారు. వాళ్ళది కేన్వాసు మీద ఉన్ని దారం, మన ఉక్కపోతకి, పురుగులకి ఉన్ని పనికిరాదు, మనం చాపల మీద కూచునేవాళ్ళం కాబట్టి ఆ దిండ్లూ అక్కర్లేదు, కానీ పని పంచిన పద్ధతి మాత్రం తీసుకోదగ్గది.

లెక్క చెప్తాను. కనపడే బ్లాకు 12 అంగుళాలు అనుకో, బ్లాకుల మధ్యా, చుట్టూ అంచునా 2 అంగుళాల పట్టీలు, అడ్డంగా 6, నిలువుగా 4, మొత్తం 24 బ్లాకులు. వెడల్పు 86 అంగుళాలు వస్తది, ఎత్తు 58, అంటే ఏడడుగుల పైన వెడల్పు, అయిదడుగులకి కాస్త తక్కువ ఎత్తు, పల్లెటూరి మందిరానికి అది చాలు. బ్లాకు గుడ్డ మాత్రం 14 అంగుళాలకి కత్తిరించి ఇవ్వాలి, ఎందుకంటే కుట్టేకొద్దీ గుడ్డ ముడుచుకుంటది, ఒక్కొక్కరి చేతి బిగువుని బట్టి ఒక్కోలా ముడుచుకుంటది, అన్నీ వచ్చాక తిరగేసి టవలు మీద పెట్టి ఇస్త్రీ చేసి అప్పుడు 13కి సమంగా కత్తిరించు, అరంగుళం అరంగుళం జాయింటులోకి పోయి 12 మిగులుతది. ముందే 13కి కత్తిరించి ఇస్తే ఏ రెండూ కలవవు. 48 అంగుళాల పన్నా కేస్‌మెంటు గుడ్డ, అదే కాస్త మందంగా ఉండే నూలు గుడ్డ, 4 మీటర్లు తీసుకుంటే 24కి సరిపోయి ఆరైనా మిగుల్తాయి, అవి నేర్చుకునేవాళ్ళకి. చేనేత కావాలంటే చీరాల గుడ్డ బాగానే ఉంటది, మరీ పల్చన కాకుండా చూసుకో. ఏదైనా సరే ముందు రాత్రంతా నీళ్ళలో నానేసి, ఉతికి, ఆరేసి, అప్పుడే కత్తెర పట్టుకో. గంజి ఉంటే మొత్తం పోవాలి, గంజి ఉన్న గుడ్డంటే బొద్దింకలకీ వెండిపురుగులకీ విందు.

అతుకు ముక్కలకి కొత్త గుడ్డ కొనొద్దు. సంఘంలో వాళ్ళ పాత నూలు చీరలు అడుగు. కుట్టలేనివాళ్ళు, కళ్ళు కనపడనోళ్ళు, పట్నంలో పిల్లల దగ్గరికి వెళ్ళిపోయినోళ్ళు, చనిపోయినోళ్ళ ఇంటోళ్ళు, అందరికీ ఇందులో చోటు దొరుకుతది, ఇట్టా అయితే 20 మంది పని కాస్తా మొత్తం సంఘం పని అవుతది. కాకపోతే నూలు చీరలే. పాలిస్టర్ కలిసినవి ఇస్త్రీ కింద ముడుచుకుపోయి పక్కనున్నదాన్ని కూడా లాగేస్తాయి. అనుమానమొస్తే ఒక పోగు లాగి అగ్గిపుల్ల పెట్టు, నూలైతే కాగితంలా కాలి బూడిదవుతది, పాలిస్టర్ అయితే కరిగి నల్లగా గట్టి ఉండ కడతది. ఎర్ర చీరలతో జాగ్రత్త, తెల్లగుడ్డ తడిపి ఎర్రముక్క మీద పెట్టి వేడి ఇస్త్రీ నొక్కి చూడు, రంగు అంటితే ఆ ముక్క పక్కన పడెయ్. ఉప్పునీళ్ళలో నానేస్తే రంగు ఆగుతదని అందరూ చెప్తారు, దాన్ని నమ్ముకుని తెల్ల బ్లాకు మీద ఎరుపు పెట్టొద్దు.

దారం యాంకరు స్ట్రాండెడ్ కాటన్ తీసుకో, నెల్లూరు చిన్నబజారులోనో ఒంగోల్లోనో ఫ్యాన్సీ షాపుల్లో అడిగితే దొరుకుతది. ఒక లడి 8 మీటర్లు, అందులో 6 పోగులు, మూడేసి పోగులతో కుడితే 16 మీటర్ల దారం వచ్చినట్టు. రంగు నంబర్లు ఒక పుస్తకంలో రాసుకుని మొత్తం ఒకేసారి కొను, తర్వాత అదే నంబరు తెచ్చినా షేడు కాస్త తేడా కొట్టొచ్చు. జిగేల్మనే సిల్కు దారం, రేయాన్ దారం కొత్తవాళ్ళకి ఇవ్వొద్దు, జారిపోయి ముళ్ళు పడి విసుగొచ్చి మానేస్తారు. సూది ఎంబ్రాయిడరీ సూదే, 7 నంబరు. దారం మూరన్నరకి మించి తుంచుకోవద్దని అందరికీ చెప్పు, పొడుగు తీస్తే మాటిమాటికీ ఎక్కించే పని తప్పుతదనుకుంటారు గానీ చివరికొచ్చేసరికి పీచు లేస్తది. నలభై దాటినోళ్ళకి సూదిలో దారం ఎక్కించే ఆ చిన్న తీగ కొనిపెట్టు, పది రూపాయలకో ఎంతకో వస్తది, సగం గొడవలు దాంతోనే తగ్గుతాయి.

కుట్లు నాలుగు చాలు, ఎక్కువ పెట్టొద్దు. గీతలకి కాడ కుట్టు, అదే స్టెమ్ స్టిచ్, లావు గీతలకి గొలుసు కుట్టు, అతుకులకి హెమ్మింగ్ లేకపోతే కాజా కుట్టు, ఖాళీ నింపడానికి బొంత టాకా. శాటిన్ కుట్టు, అదే ఈ అంచు నుంచి ఆ అంచుకి పోగులు పక్కపక్కన వేసి నింపేది, పెద్ద ఆకులకీ పెద్ద పూలకీ వద్దు, పోగులు పొడుగై వేలాడి గోడకి పెట్టాక దుమ్ము పడతాయి, అది అరంగుళం లోపల మాత్రమే. మొదటి రెండు వారాలు అందరి చేతా ఒక పాత గుడ్డ మీద ఈ నాలుగూ వేయించు, ఎవరికేది నప్పిందో చూసి దాన్నిబట్టి బ్లాకు ఇవ్వు. గీత దింపడానికి పసుపు కార్బన్ పేపరు బావుంటది, నల్ల కార్బను మాత్రం తెల్ల గుడ్డ దగ్గరికి రానివ్వొద్దు, బాల్‌పెన్ను కూడా.

ఇక్కడ ఒక కఠినమైన మాట. బాగా కుట్టేవాళ్ళు రాత్రిపూట ఇంకొకరి బ్లాకు విప్పి మళ్ళీ కుట్టడం ఉంటది చూడు, దాన్ని మొదటి రోజే నిషేధించు. మంచి మనసుతోనే చేస్తారు, "పాపం ఆమెకి రాలేదు కదా, పండగ నాటికి బావుండాలి కదా" అని. ఆదివారం ఆమె వచ్చి చూసుకుంటది, తన కుట్టు కాదని కనిపెడతది, పైకి ఏమీ అనదు, మళ్ళీ రాదు. నాకు తెలిసి ఇట్టాంటి పనులు డబ్బు లేక ఆగినవాటికన్నా దీనివల్ల ఆగినవే జాస్తి. వంకరగా ఉంటే ఉండనివ్వు, పన్నెండడుగుల దూరం నుంచి వంకర కనపడదు, రంగూ ఆకారమే కనపడతాయి. దారం ఊడిపోయేట్టు ఉంటే మాత్రం ఆమెని పక్కన కూచోబెట్టుకుని ఆమె చేతే సరిచేయించు.

ఏం బొమ్మలు పెట్టాలన్నది నీ ఇష్టమే గానీ, క్యాలెండర్ల మీది గొర్రెపిల్లలు, మంచు కొండలు, పైన్ చెట్లు వద్దు తల్లీ. మీది బాప్టిస్టు సంఘమన్నావు, మన ప్రాంతంలోనే ఎంత ఉంది. నెల్లూరు మిషను 1840లో మొదలైతే చాలా ఏళ్ళు ఫలం లేక అమెరికాలో మూసేద్దామా అని చర్చ నడిచింది, మ్యాపులో ఒంటరి నక్షత్రంలా ఉందని 'లోన్ స్టార్' అనే పేరే పడిపోయింది, ఆ నక్షత్రం ఒక బ్లాకు, కోణాల ముక్కలు అతికితే చాలు, ఎంబ్రాయిడరీ అక్కర్లేదు. 1854 జనవరి 1న తెల్లారకముందే ఆ మిషను దొరలు జ్యూయెట్ దంపతులు కొద్దిమందితో ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు, ఇప్పటికీ ప్రేయర్ మీటింగ్ హిల్ అంటారు, కొండ వంపు, వెనక సూర్యుడు, ఇదీ అతుకు పనే. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి దొరికేట్టు చేశాడు, కాలవ నీలం పట్టీ, గట్టు మీద తాటిచెట్లు, పార, గంప. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు, ఇచ్చింది ఆరుగురు మన తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని. ఆ గుండ్లకమ్మకి రెండు మూడు బ్లాకులు కలిపి ఇవ్వు, నీళ్ళంతా బొంత టాకాలతో నింపితే అలలు వాటంతటవే వస్తాయి, ముసలమ్మలకి ఇచ్చేసేయ్, వాళ్ళు అద్భుతంగా చేస్తారు. మిగతావి మీ ఊరివి పెట్టుకో, మందిరం ముందున్న వేపచెట్టు, గంట, పొగాకు ఆరబెట్టే బేరను, ఒంగోలు గిత్త, రొట్టె, గిన్నె. మొహాలు మాత్రం వద్దు. కొందరు పెద్దలు ఏసయ్య మొహం బొమ్మకి ఒప్పుకోరు, అది ఒక కారణం, రెండోది చెప్తే నవ్వుతావు, కొత్తగా నేర్చుకున్నోళ్ళు కళ్ళూ ముక్కూ కుడితే ఎవరి పోలికో వచ్చేస్తది, ఇక ఆరాధనలో పిల్లలు నవ్వు ఆపుకోలేరు. చేతులు చాలు, వీపులు చాలు.

మీకు ఆర్‌సీఎం అంటే రోమన్ కాథలిక్, సీఎస్ఐ, లూథరన్ వాళ్ళలా పండగ కాలాన్నిబట్టి ఊదా, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ మార్చే పద్ధతి లేదు కాబట్టి రంగుల విషయంలో స్వేచ్ఛే. అయినా బ్లాకుల అడుగు గుడ్డ రంగు ఒకటే ఉంచు, పట్టీలన్నీ ఒకే ముదురు రంగు, అప్పుడే ఇరవై రకాల చీరముక్కలు కలిసికట్టుగా కనపడతాయి.

వాక్యం పెడతారు కదా, పెట్టకుండా ఉండరు, అక్షరాల గురించి కాస్త ఆగి చెప్తాను, అన్నిటికన్నా ఇక్కడే దెబ్బతింటారు. మన అక్షరాలు గుండ్రం, వాటికి కాడ కుట్టు బాగా తిరుగుతది, గొలుసు కుట్టు ఒత్తుల దగ్గర ముద్దయిపోతది. వెనక వరసలో కూచున్నోళ్ళకి కనపడాలంటే అక్షరం మూడంగుళాలన్నా ఉండాలి, ఒత్తు దాని కింద ఇంకో అంగుళమన్నర తింటది, అంటే నాలుగైదు పదాలకి మించి పట్టదు, పొడుగు వచనం పెడదామనేవాళ్ళకి వచనం అంకె ఒక్కటి కింద పెట్టి సరిపెట్టు. చేత్తో రాయొద్దు, ఫ్లెక్స్ షాపులో అసలు సైజులో ప్రింటు తీయించి దాన్నే కార్బనుతో దింపు. దింపేముందు ఆ ప్రింటు పాస్టరుగారికీ, ఊళ్ళో తెలుగు మాస్టారికీ ఇద్దరికీ చూపించు, కంప్యూటర్లో ఫాంటు మారినప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, వాళ్ళ షాపులో ఎవరూ చూడరు. కుట్టాక తెలిస్తే విప్పడం తప్ప దారి లేదు, విప్పిన చోట గుడ్డ మీద బెజ్జాలు కనపడతానే ఉంటాయి.

టైం ఎప్పుడన్నది మీ పొలాల్ని బట్టి. సంక్రాంతి ముందు నుంచి ఎండలు ముదిరేదాకా పొగాకు పని, మిరపకాయ కోతలు, ఆ రోజుల్లో ఎవర్నీ పిలవొద్దు, రారనే కాదు, పచ్చి పొగాకు జిగురు చేతులకి పట్టేస్తే సబ్బుకి కూడా ఒక పట్టాన పోదు, ఆ చేత్తో తెల్లగుడ్డ పడితే నల్లమరక అట్టానే ఉంటది. ఎండాకాలం మధ్యలో మొదలుపెట్టి బ్లాకులన్నీ దసరా లోపు చేతికొచ్చేట్టు చూసుకో, అతకడానికీ అస్తరుకీ రెండు నెలలు ఉంచుకో, అక్టోబరు నవంబరుల్లో తుఫాను పట్టిందంటే మన వైపు వారం రోజులు కరెంటూ ఉండదు, గుడ్డ ఆరనూ ఆరదు. బ్లాకు ఇచ్చేటప్పుడే ఒక పాత దిండుగలీబులో పెట్టి ఇవ్వు, అందులోనే దాచమను, కవర్లో వద్దు, చెమ్మకి బూజు పడతది.

అతకడం చేత్తోనే చేయొచ్చు, వెనక్కి కుట్టు వేస్తే గట్టిగా ఉంటది, టైము లేకపోతే లోపలి జాయింట్లు మిషను మీద వేయించు, దాన్ని తప్పుపట్టే వాళ్ళుంటే వాళ్ళ చేతికే సూది ఇవ్వు. అడ్డ వరసలు ముందు కలుపు, తర్వాత వరసకి వరస. లోపల ఒకే ఒక్క పాత నూలు చీర పొర చాలు, దూది పెడితే బరువుకి కిందికి సాగుతది. పొరలు టాకా వేసేటప్పుడు నడిమధ్య నుంచి అంచులకి రావాలి, అంచు నుంచి మొదలుపెడితే మధ్యలో గాలిబుడగలా ఉబ్బుతది. అస్తరు కింది అంచున కుట్టేయకుండా వదిలెయ్, ముందుగుడ్డ కన్నా అంగుళం పొట్టిగా ఉంచి విడిగా మడిచి కుట్టు, లేకపోతే నెల తిరిగేసరికి కింద సంచిలా వేలాడతది. పైన వెనకవైపు నాలుగంగుళాల గొట్టం పట్టీ కుట్టి అందులో అల్యూమినియం పైపు దూర్చు, కర్టెన్ రాడ్డు బ్రాకెట్లకి ఎక్కుతది. గోడకి మేకులు కొట్టి గుడ్డని నేరుగా తగిలించొద్దు. కొత్తగా సున్నం వేసిన గోడైతే బాగా ఆరేదాకా ఆగండి, గోడకీ తెరకీ మధ్య రెండంగుళాల సందు ఉంటే చెమ్మ పట్టదు.

పెట్టాక ఉతకొద్దు. ఏడాదికోసారి దించి మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, నీడలో ఒక పూట పరిచి, మళ్ళీ పెట్టు. పడమటి కిటికీ ఎండ నేరుగా పడితే ఎరుపూ నీలమూ రెండేళ్ళకే వెలిసిపోతాయి, ఆ కిటికీకి కర్టెన్ వెయ్యండి. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం పెళ్ళి డెకరేషన్ వాళ్ళు, పూలదండలకి గుండుసూదులు గుచ్చుతారు, థర్మోకోల్ అక్షరాలు టేపుతో అంటిస్తారు, స్ప్రే కొడతారు. పెళ్ళికీ క్రిస్మస్‌కీ ముందు తెర దించి చుట్టి పెట్టాలని కమిటీ పుస్తకంలో రాయించు, ఎవరు దించాలో పేరుతో సహా. చుట్టాలి, మడతపెట్టకూడదు, పైపు మీద బొమ్మవైపు బయటికి ఉండేట్టు, పైన పాత దుప్పటి చుట్టి.

పేర్ల గొడవ ఒకటి వస్తది. మన మందిరాల్లో ఫ్యాన్ రెక్కల మీద కూడా దాత పేరు ఉంటది కదా, తెర మీద ముందు పెట్టమంటారు. ముందువైపు ఒక్క పేరు కూడా వద్దు, వెనక అస్తరు మీద ఎవరి బ్లాకు వెనక వాళ్ళ పేరు వాళ్ళ చేతే కుట్టించు, చీర ఇచ్చినోళ్ళ పేరు కూడా. రాయడం రానివాళ్ళకి పిల్లలు గీసిస్తే దాని మీద కుడతారు. డబ్బు ఇచ్చినవాళ్ళ పేర్లు లెక్కల పుస్తకంలో ఉంటాయి, అక్కడ చాలు. బైబిల్లో బట్టలు కుట్టిచ్చిన దొర్కా పేరు పాస్టరుగారు ఎట్టాగూ ప్రసంగంలో ఎత్తుతారు, ఆయన్ని నిర్గమకాండము 35 కూడా ఒకసారి చదవమను, దేవుని గుడారానికి స్త్రీలు నూలు వడికి తెచ్చారని అక్కడ స్పష్టంగా ఉంది, పెద్దలకి అది మీటింగులో పనికొస్తది.

గోడ పొడుగు, వెడల్పు, కిటికీ ఏ దిక్కున ఉంది, పుల్పిట్ ఎత్తెంత, ఈ నాలుగూ కొలిచి పెట్టు. పుల్పిట్ వెనక కింది వరస దాగిపోయేట్టయితే నాలుగు వరసలు కాకుండా మూడే వేసి అడ్డంగా ఎనిమిది పెంచాలి, అప్పుడు గుడ్డ లెక్క మళ్ళీ వేసిస్తాను. కుట్టేవాళ్ళలో ఎడమచేతి వాళ్ళుంటే కూడా చెప్పు, కాడ కుట్టు వాళ్ళకి వేరేగా చూపించాలి.